గవర్నరుపేటలో వరిమడి

మా అమ్మమ్మ అంకాలమ్మ నా మొదటి సైటు చూడ్డానికి వచ్చి, నేను తవ్వించిన ఎనిమిదడుగుల గుంత అంచున నిలబడి, లోపలికి తొంగిచూసి, "చెలమ బాగానే తవ్వించావే సత్యశ్రీ" అంది.

నాకు ఒళ్ళు మండింది.

చెలమ అంటే సముద్రపు ఒడ్డు ఊళ్ళలో మంచినీళ్ళ కోసం ఇసుకలో తవ్వుకునే గుంట. బందరు అవతల మా ఊళ్ళో చిన్నప్పుడు నేనూ బిందె పక్కన పెట్టుకుని, ఊరిన నీళ్ళను కొబ్బరి చిప్పతో తోడుకున్నదాన్నే. అలాంటి ఊరి నుంచి వచ్చి, పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, నాలుగేళ్ళు ఒకరి కింద ఫైళ్ళు మోసి, రెండు వేల సంవత్సరం ఎండాకాలానికి విజయవాడ గవర్నరుపేటలో ఒక షాపింగ్ కాంప్లెక్సుకు సైటు ఇంజనీరునయ్యాను. దాని వాననీటి డ్రాయింగు మొత్తం నా చేత్తో నేనే గీశాను. ఈవిడ వచ్చి చెలమ అంటుందా?

"చెలమ కాదమ్మమ్మా, ఇంకుడు గుంత. చెలమలో నీళ్ళు ఊరతాయి. దీన్లో ఇంకిపోతాయి."

"ఊరాలో ఇంకాలో గుంటకెలా తెలుస్తుందే?"

"కింద రాళ్ళు, ఆపైన కంకర, ఆపైన ఇసుక పోస్తాం. టెస్టు కూడా చేస్తాం. నీకు తెలీదు, నువ్వూరుకో."

ఊరుకుంది. మా అమ్మమ్మ ఊరుకుందంటే ఆ మాటను కొంగున ముడేసుకుందని అర్థం. ఎండలు తగ్గేదాకా నా గదిలో ఉండి వెళ్దామని వచ్చిన మనిషి, ఆ రోజు నుంచి ఊరెళ్ళే మాటే ఎత్తలేదు.

కాంప్లెక్సంటే ఏదో అనుకునేరు. ఎనిమిది సెంట్ల స్థలం. కింద నాలుగు షాపులు, పైన రెండు ఆఫీసు గదులు, ముందు పార్కింగుకు కాస్త ఖాళీ. అంతకుముందు అక్కడ కట్టెలు అమ్మే అడితి ఉండేది. ఊరందరికీ గ్యాసు పొయ్యిలు వచ్చాక కొనేవాళ్ళు లేక మూతపడింది. ఆ స్థలం రోడ్డుకన్నా పల్లంగా ఉండేదట. వాన పడితే నీళ్ళన్నీ అందులోనే నిలబడి, నాలుగైదు రోజులకు వాటంతట అవే పోయేవట. ఒక్క చుక్క పక్కవాళ్ళ మీదకు పోయేది కాదు. అడితి ఆసామి ఏనాడూ మెరక తోలించలేదు. తడిసిన కట్టె తూకం ఎక్కువ తూగుతుంది కదా, ఆయనకేం బాధ.

ఆ స్థలం కొన్న వెంకటప్పయ్య గారిది చల్లపల్లి అవతల ఒక పల్లె. అరవై దాటిన రైతు. ఆయన భూములు కాలువకు చిట్టచివర శివారులో ఉన్నాయి. అందరూ పెట్టుకున్నాక మిగిలితేనే ఆయనకు నీళ్ళు. మురుగు మాత్రం అందరికన్నా ముందు ఆయనకే. ఆయన దగ్గర ఒక కథ ఉంది. పరిచయమైన ప్రతి మనిషికీ చెబుతారు. నాకు ఆ పాటికి పదకొండు సార్లు చెప్పారు. ఒక ఏడు నారుమడి పోస్తే, మొలక వేలెడంత లేచిన రోజున, పైచేను ఆసామి తన చేలో నిలిచిన నీళ్ళను గట్టు తెంచి ఈయన మీదకు వదిలాడు. నారంతా కుళ్ళిపోయింది.

"వదిలినందుకు కాదమ్మాయ్ నా బాధ" అనేవారు కథ చివర, ప్రతిసారీ అదే గొంతుతో. "పల్లానికి వదలక ఎక్కడికి వదుల్తాడు? వదిలే ముందు ఒక్క మాట అడగాలా వద్దా? 'వదలమంటావా' అని అడగడం మర్యాద. మా నాన్న అడిగేవాడు. నలభై ఏళ్ళ సేద్యంలో నన్ను మాత్రం ఒక్కడూ అడగలేదు."

అందుకేనేమో, పట్నంలో స్థలం కొనగానే ఆయన చేసిన మొదటి పని మెరక తోలించడం. నలభై లారీల గ్రావెల్. అంతా తొక్కించాక మా స్థలం రోడ్డు మీదకు అడుగున్నర, పక్క కొట్టు మీదకు రెండున్నర అడుగులు లేచింది. రోలరు వెళ్ళిపోయిన రోజు ఆయన చెప్పులు విడిచి, ఆ గ్రావెల్ మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, "ఇహ మనం శివారు కాదమ్మాయ్" అన్నారు. ఆ సంబరం చూస్తే నాకూ ముచ్చటేసింది.

పక్క కొట్టు దానమ్మ గారిది. నోటు పుస్తకాల బైండింగు. ఆవిడా మరో ముగ్గురు ఆడవాళ్ళూ కలిసి కాగితాలు మడిచి, కుట్టి, మైదా జిగురుతో అట్టలు అంటించి, కట్టలు కట్టి స్కూళ్ళకు పంపుతారు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా చేసిన పనే వాళ్ళకు పంట. స్కూళ్ళు తెరిచేనాటికి పుస్తకాలు చేరితే ఏడాది గడుస్తుంది, చేరకపోతే గడవదు. రోడ్డు మీద రోడ్డు వేసి వేసి ఆవిడ గచ్చు రోడ్డుకన్నా అడుగు కిందకు దిగిపోయింది. వీధి నీళ్ళు రాకుండా గడప దగ్గర మూడు వరసల ఇటుక కట్టుకుంది. లోపల పుస్తకాల కట్టలన్నీ ఇటుకల మీద పరిచిన బల్లల మీదే పేరుస్తుంది. ఆ బల్లల మీద ఎన్ని పడితే అంత పనే ఒప్పుకుంటుంది. ఇది ఆవిడ ఏళ్ళ తరబడి చేసుకున్న ఏర్పాటు.

గుంత తవ్వించాక ఒకరోజు చేతికి జిగురుతోనే మా వైపు వచ్చింది. "పాపా, నాకు తెలీకడుగుతున్నా. ఇక్కడ పడ్డ వానంతా ఇక ఎటు పోతుంది?"

ఇలాంటి ప్రశ్న కోసమే నేను కాచుకుని ఉన్నాను. డాబా మీద నీళ్ళు పైపుల్లోంచి, ముంగిట్లో నీళ్ళు వాలు మీంచి, అన్నీ ఆవిడ గోడ దగ్గరున్న నా గుంతలోకి ఎలా వస్తాయో చూపించాను. మేలో, ఎండ నిప్పులు చెరుగుతుంటే, ఆవిడ కళ్ళ ముందే ఒక ట్యాంకరు నీళ్ళు గుంతలో పోయించాను. భోజనం చేసి వచ్చేసరికి లోపల ఇసుక తేలి కనబడింది.

"చూశారుగా? మీ కొట్లోకి చుక్క నీరు రాదండీ. నాది పూచీ" అన్నాను.

ఆవిడ నమ్మింది. నమ్మి, ఆ ఏడు ఇంకో స్కూలు పుస్తకాలు కూడా ఒప్పుకుంది. బల్లలు చాలక, నా మాట మీద, గచ్చు మీదే గోతం పట్టాలు పరిచి కట్టలు పేర్చింది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

జూన్‌లో గురువారం నాడు ఓపెనింగు పెట్టుకున్నారు. ఆ పైసోమవారం స్కూళ్ళు తెరుస్తారు. ఓపెనింగుకు మూడు రోజుల ముందు, సోమవారం పొద్దున, మూత తీసి గుంతలోకి చూశాను. ఊరికే, నా పనితనం ఒకసారి చూసుకుని మురిసిపోదామని. నీళ్ళు. పైనుంచి మూడడుగుల దాకా నిలబడి, లోపలి నుంచి నా మొహం నాకు చూపిస్తున్నాయి.

వాన చుక్క పడలేదు. నీళ్ళెక్కడివి? మేస్త్రీ మీద ఎగిరాను, కొళాయి వదిలేశాడని. కొళాయి కట్టేసే ఉంది. వెనక సందులో హోటలుకు వెళ్ళి గిన్నెలు కడిగిన నీళ్ళు మా వైపు తోస్తున్నారని పోట్లాడాను. వాళ్ళ కాలవ అటువైపెక్కడో ఉంది. తిరిగొచ్చి మోటారు పెట్టి గుంత తోడించాను. టీ తాగి వచ్చేసరికి మళ్ళీ అంతే నీళ్ళు, అదే మొహం. ఈసారి ఆ మొహం కొంచెం వెర్రిగా ఉంది.

అప్పుడే వెంకటప్పయ్య గారు రిక్షా దిగారు. చేతిలో బందరు లడ్డూల పొట్లం. మనిషి వెలిగిపోతున్నాడు.

"నోరు తెరువమ్మాయ్, నోరు తెరువు. కాలువలు వదిలారు! శనివారం పొద్దున బ్యారేజీ దగ్గర వదిలారట. ఈ ఏడు మా శివారుక్కూడా ముందే అందుతాయంటున్నారు."

లడ్డూ నోట్లో ఉండగా నాకు అర్థమైంది. మింగడం కష్టమైంది.

ఎండాకాలం కృష్ణా కాలువలు కట్టేస్తారు. నేల అడుగుదాకా ఎండిపోతుంది. జూన్‌లో వదిలాక కాలువ పక్క నేలంతా లోపల్లోపలే నానుతుంది, బావుల్లో నీళ్ళు పైకొస్తాయి. ఇది కృష్ణా జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. నాకూ తెలుసు. మా సైటుకు రెండు సందుల అవతలే రైవస్ కాలువ. కానీ నేను చదివిన పుస్తకంలో నేలంటే నేలే, దానికి కాలువలు కట్టేసే నెల, వదిలే నెల అని రెండు రకాలు లేవు. ఎండిన నెలలో టెస్టు చేసి, అది ఏడాది పొడుగునా పాసైనట్టు రాసుకున్నాను. నీళ్ళ కోసం గుంటలు తవ్వుకునే ఊరి పిల్లను, నీళ్ళు పోవడానికి గుంట తవ్వించి, అందులో నీళ్ళెందుకొచ్చాయని ఊరంతా తిరిగి పోట్లాడాను.

సాయంత్రం గదికి వెళ్ళి అమ్మమ్మకు చెప్పాను. కొంగు ముడి విప్పుతుందనీ, పదిసార్లు చెలమ అంటుందనీ సిద్ధంగా ఉన్నాను. అనలేదు. చేపల పులుసు గిన్నె దించుతూ, "ఆ పుస్తకాలామెకి చెప్పావా?" అనడిగింది.

"లేదు."

"మరి నాకెందుకు చెప్తున్నావ్?"

ఆ గుంత తర్వాత కూడా అలాగే ఉంది. పూడ్చలేదు. ఏడాదిలో ఆరు నెలలు దానమ్మ గారి వాళ్ళు జిగురు కలుపుకోవడానికి నీళ్ళు అందులోంచే తోడుకున్నారు. చివరికది చెలమే అయింది.

మంగళవారం పొద్దున్నే బైండింగు కొట్టుకు వెళ్ళాను. గచ్చు మీద నడుమెత్తున కట్టలు. నడవడానికి మధ్యలో జానెడు దారి. కొత్త కాగితం వాసన. అప్పుడు చూశాను, గోతం పట్టాల మీద పేర్చిన ఆ వరసల్ని. దానమ్మ గారు అట్టల మీద లేబుళ్ళు అంటిస్తోంది. నిలబడే చెప్పేశాను, గుంత నిండిపోయిందనీ, ఇప్పుడు పెద్ద వాన పడితే పొంగి ఆవిడ గోడ కిందకే వస్తుందనీ, తప్పు నాదేననీ.

నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆవిడ లేబులు సరిగ్గా అంటించి, అరచేత్తో అదిమి, లేచి ఒక కట్ట ఎత్తింది. ఎత్తి, ఎక్కడ పెట్టాలో తెలీక అలాగే నిలబడిపోయింది. బల్లలన్నీ నిండి ఉన్నాయి.

"ఎక్కడ పెట్టను పాపా?" అంది.

అక్కడి నుంచి సరాసరి సైటుకొచ్చి, ఓపెనింగు శుభలేఖ వెనక లెక్క వేశాను. డాబా, ముంగిలి కలిపి మూడు అంగుళాల వాన పడితే ఎన్ని నీళ్ళు? ముంగిట్లో పార్కింగు జాగాలో ఎనిమిది అంగుళాల ఎత్తున నిలబెడితే సరిపోతాయి. పార్కింగుకు ఇంకా కాంక్రీటు పడలేదు, గ్రావెలే. అడితి రోజుల్లో లాగా నీళ్ళు కాసేపు మన దగ్గరే ఆగి, వీధి కాలవ తగ్గాక వెళ్తే చాలు.

వెంకటప్పయ్య గారు రాగానే ఇదంతా చెప్పాను.

"మోటారు పెట్టి తోడించెయ్" అన్నారు.

"తోడినా మళ్ళీ ఊరుతోందండీ. తోడింది ఎక్కడ పొయ్యను? వీధి కాలవ చిన్నది. పెద్ద వానకు అదే పొంగుతుంది, దానమ్మ గారి గడప ఎక్కుతుంది. నీళ్ళు మన దగ్గర ఆగాలి. పార్కింగు జాగా మధ్యలో కాస్త లోతు తీయిస్తే..."

"లోతా?" ఆయన కండువా తీసి దులిపారు. "నలభై లారీలు తోలించింది లోతు తీయడానికా? ఎల్లుండి ఓపెనింగు. మా వాళ్ళంతా చల్లపల్లి నుంచి బస్సు కట్టించుకుని వస్తున్నారు. వాళ్ళకు పల్లం చూపించమంటావా? నా జన్మంతా పల్లంలోనే గడిచిందమ్మాయ్. ఇక్కడన్నా నన్ను మెరక మీద ఉండనీ."

ఆ మాటకు నేను కరగాలి. కరిగేదాన్నే, ఎత్తిన కట్టతో నిలబడ్డ దానమ్మ గారు కళ్ళ ముందు లేకపోతే. నాకు కోపమొస్తే ముందు నోరు లేస్తుంది, తర్వాత నేను లేస్తాను.

"ఉండండి, మెరక మీదే ఉండండి. మీ పైచేను ఆసామి కూడా మెరక మీదే ఉన్నాడు. ఆయన మీకు చేసిందే మీరు ఆవిడకు చేస్తున్నారు. ఆయనకు మీ నారు సంగతి తెలీదేమో. మీకు ఆవిడ పుస్తకాల సంగతి తెలుసు కదా!"

ఆయన మొహం వాడిపోయింది. కండువా భుజాన వేసుకుని, రిక్షా పిలిచి వెళ్ళిపోయారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. మేస్త్రీ కూడా అదే అనుకున్నట్టున్నాడు, ఎప్పుడూ లేనిది తన డబ్బులతో నాకు టీ తెప్పించాడు.

బుధవారం పొద్దున నా సామాను తీసుకుపోదామని సైటుకు వెళ్ళేసరికి వాకిట్లో రిక్షా ఆగి ఉంది. సీటు మీద వెంకటప్పయ్య గారు, కాళ్ళ దగ్గర మూడు గోతాల బంకమట్టి, ఒళ్ళో పార. కృష్ణకు అవతల మబ్బు పడుతోంది.

"ఊళ్ళో భూములు కౌలుకిచ్చాక దీన్ని అటక మీద పడేశా" అన్నారు పార చూపించి. నా మొహం వంక చూడలేదు. "నీ లెక్కలు నాకొద్దు. నీళ్ళు ఎంత ఎత్తున నిలబడాలో చెప్పు."

"ఎనిమిది అంగుళాలండీ."

ఆయన వంగి కాలి మీద చేత్తో కొలుచుకున్నారు. "ఇంతేనా? పెద్ద వానకు మడిలో నిలిచేంత."

పంచె ఎగ్గట్టి దిగారు. కూలీలు మధ్యలో గ్రావెల్ చెక్కి ఎత్తుతుంటే, ఆయన దాన్ని చుట్టూ గట్టు పోయించారు. గట్టు లోపలివైపు బంకమట్టి తడిపి మెత్తారు. మేస్త్రీ అలవాటు కొద్దీ తాపీ పెట్టి నున్నగా చేయబోతే కసిరారు. "గట్టుకు తాపీ ఏంట్రా? అరికాలు పెట్టి తొక్కు." డాబా మీంచి గుంతలోకి పోయే పైపుల్ని నేను కోయించి, ముంగిట్లోకి తిప్పించాను. వీధి కాలవ వైపు గట్టులో నాలుగంగుళాల పైపు ముక్క తూముగా పెట్టి, ఆయనే గోనెసంచి చుట్టగా చుట్టి దాని నోట్లో దట్టించారు. పొద్దుటి నుంచి ఒక్కసారి కూర్చోలేదు. "ఇక్కడ ఇంకో పిడికెడు" అంటూ ఆయన చెయ్యి పెట్టిన చోటల్లా మూల ఉన్నట్టుండి గట్టిపడేది. నేను మూడేళ్ళు చదివింది ఆయన అరికాలికి ఎప్పుడో తెలుసు.

మధ్యాహ్నం అమ్మమ్మ క్యారియరు పట్టుకుని వచ్చింది. ముంగిలి చూసి, నన్ను చూసి, దానమ్మ గారి కొట్లోకి వెళ్ళి, చీర దోపుకుని, గచ్చు మీది కట్టలు అందివ్వడం మొదలుపెట్టింది. కుర్చీల మీద, కుట్టు మిషను మీద, కిటికీ గూట్లో, ఎక్కడ చోటు దొరికితే అక్కడ పెడుతున్నారు. సగం కూడా ఎత్తలేదు, మూడున్నరకు వాన వచ్చింది.

వచ్చిందంటే మామూలుగా కాదు. ఎదుటి మెడికల్ షాపు బోర్డు కనబడలేదు. డాబా పైపులు నాలుగూ ముంగిట్లోకి దూకాయి. పావుగంటలో పాదాలు మునిగాయి. వీధి కాలవ అరగంటలో పొంగింది. రోడ్డు మీద స్కూటర్లు నెట్టుకుంటూ పోతున్నారు. నేను ముంగిలికీ కొట్టుకూ మధ్య పరిగెడుతూనే ఉన్నాను. ఇక్కడ గట్టు చూడ్డం, అక్కడ గడప చూడ్డం. గుంత నిండుగా ఉంది కానీ పొంగలేదు. వీధి నీళ్ళు దానమ్మ గారి మూడు వరసల ఇటుకకు రెండు వేళ్ళ కిందకొచ్చి ఆగాయి. లోపల గచ్చు పొడిగా ఉంది.

అయిదింటికి వాన వెలిసింది. మా ముంగిలి అంచుల దాకా నిండి ఉంది. రేపటి ఓపెనింగుకు కట్టిన మామిడాకుల తోరణం అందులో తలకిందులుగా కనబడుతోంది. నాలుగు షట్టర్ల ముందు అచ్చం నాటుకు సిద్ధంగా ఉన్న వరిమడి. మధ్యలో మోకాళ్ళ దాకా బురదతో వెంకటప్పయ్య గారు.

తూర్పున మళ్ళీ ఉరిమింది. గట్టులో ఒకచోట, పైపు పక్కన, నీరు సన్నగా ఊట వేసింది. మేస్త్రీ కంగారుపడ్డాడు.

"అయ్యగారూ, ఇంకో జల్లు పడిందంటే గట్టు ఆగదండీ. ఇప్పుడే తూము వదిలేద్దామండీ. గట్టు తెగిందంటే రేపు మన ఓపెనింగు గోవిందా!"

వెంకటప్పయ్య గారు ఊట మీద మడమ పెట్టి తొక్కారు. వీధి వంక చూశారు. కాలవ ఇంకా నిండుగానే ఉంది. తూము మీద చెయ్యి వేశారు. ఇప్పుడు వదిలితే ఆ రెండు వేళ్ళూ మునుగుతాయి. కేకేద్దామని నోరు తెరిచాను.

ఆయన చెయ్యి తీసేసి, గట్టు మీంచి నడిచి, పక్క గోడ దగ్గరికి వెళ్ళారు.

"దానమ్మా!"

లోపల నుంచి ఆవిడ వచ్చింది. జుట్టంతా తడిసి, చేతులకు జిగురు, చంకలో ఒక కట్ట. "ఏంటండీ అయ్యగారూ?"

"నా మడి నిండింది. మీ వైపు కాలవ తగ్గిందా? నీళ్ళు వదలమంటావా?"

ఆవిడకు అర్థం కాలేదు. కాలవ వంక, గడప వంక, ఆయన కాళ్ళ వంక చూసింది. "నన్నడుగుతున్నారా?"

"నిన్నే. కింద ఉన్నది నువ్వు. నిన్ను కాక ఎవర్నడగను?"

నాకు ఏడుపొచ్చింది. వాన వెలిశాక ఏడిస్తే అందరికీ తెలుస్తుంది, అయినా ఆపుకోలేదు. నలభై ఏళ్ళు తనను ఎవరైనా అడగాలని ఎదురుచూసిన మాటను ఆ పెద్దాయన మోకాళ్ళ దాకా బురదతో నిలబడి, ఓపెనింగు పాడైపోతుంటే, పట్టణంలో ఒక బైండింగు కొట్టు ఆవిడను అడిగాడు.

దానమ్మ గారు వంగి ఇటుకల దగ్గర వేలు ముంచి చూసింది. "నీళ్ళింకా గడప అంచునే ఉన్నాయండీ. కాస్త ఆగండి."

"ఆగుతా."

ఆగారు. ఊట మీద మడమ పెట్టి, గట్టు మీద కూర్చున్నారు. సన్నగా జల్లు మొదలైంది. మేస్త్రీ గొడుగు పడితే వద్దన్నారు. పావుగంటకొకసారి గోడ వైపు తిరిగి, "వదలమంటావా?" అనేవారు. అవతల నుంచి "ఇంకాస్త ఆగండి" అని వచ్చేది. రెండోసారి ఆ మాట అన్నది మా అమ్మమ్మ గొంతు. ఈ సందట్లో తానూ ఒక పెద్దమనిషి అయిపోయింది. నేను ఆయన పక్కన బురదలోనే కూర్చుని, ఇంకో చోట ఊట వేస్తే అక్కడ నా మడమ పెట్టాను.

"కాంక్రీటు వేసేటప్పుడు ఈ లోతు ఇలాగే ఉంచు" అన్నారు కాసేపటికి. "తూము మాత్రం గట్టిది పెట్టు."

ఆరున్నర కావస్తోంది. జల్లు ఆగింది. రోడ్డు మీద మళ్ళీ తారు కనబడింది. కొట్లో చప్పుడు తగ్గింది. దానమ్మ గారు చేతులు కడుక్కుని, తలుపు రెండు రెక్కలూ తీసి బయటికొచ్చింది. ఆవిడ వెనక గచ్చు మీద ఇంకా మిగిలిన కట్టలు, పొడి గోతం పట్టాల మీద, వరసగా. కాలవ అంచున వంగి చూసి, నిటారుగా నిలబడి, గోడ ఇవతలికి పిలిచింది.

"బాబాయ్ గారూ, వదలండి."

ఆయన లేచి, పంచె దులుపుకుని, తూము దగ్గర వంగారు. గోనెసంచి చుట్టను పట్టుకుని, అంతా లాగకుండా, పిడికెడంత సందు చేశారు. నీళ్ళు సన్నగా కాలవలోకి జారాయి.

"నిదానంగా వదుల్తున్నానమ్మా" అన్నారు గోడ వైపు చూస్తూ. "ఎక్కువైతే కేకెయ్, ఆపేస్తా."